పీజీలో స్పోర్ట్స్ లా: ఎక్కడ చేరాలి, ముందుగా ఏం చదవాలి, డిసర్టేషన్ దేని మీద?

కృష్ణాతీరం
నమస్కారం అందరికీ. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నాను. పీజీ స్పోర్ట్స్ లాలోనే చేయాలని నిశ్చయించుకున్నాను. ఒకరు ఎల్‌ఎల్‌ఎం ఇక్కడే చెయ్యమంటున్నారు, ఒకరు ఇంగ్లండ్ వెళ్లమంటున్నారు, ఇంకొకరు ఆన్‌లైన్ డిప్లొమా చాలంటున్నారు. కోర్సు సంగతి ఒకటి. అంతకంటే ముఖ్యంగా, చేరేలోపు ఉన్న ఆరేడు నెలల్లో ఏం చదివితే ఆ ఏడాది వృథా పోకుండా ఉంటుంది? డిసర్టేషన్‌కి డోపింగ్ తీసుకుందామని ఉంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

వరంగల్ వకీలు
ముందు ఇక్కడి లెక్క చెప్తానమ్మా. యూజీసీ మార్గదర్శకాల ప్రకారం ఏడాది ఎల్‌ఎల్‌ఎం 24 క్రెడిట్లు. తప్పనిసరి పేపర్లు మూడు, ఒక్కోటి మూడు క్రెడిట్లు. ఐచ్ఛికాలు ఆరు, ఒక్కోటి రెండు. మిగతాది డిసర్టేషన్. అంటే స్పోర్ట్స్ లా పేపర్ ఉన్న యూనివర్సిటీలో కూడా మీకు దక్కేది రెండు క్రెడిట్లే. కాబట్టి బ్రోషర్‌లో ఆ పేరు ఉందా లేదా అని వెతకడం కంటే ఆర్బిట్రేషన్, కాంపిటిషన్ లా, పరిపాలనా చట్టం, కాంట్రాక్టులు, కార్మిక చట్టం ఐచ్ఛికాలుగా ఇస్తున్నారా అని చూడండి. క్రీడల కేసులన్నీ ఆ అయిదింటి మీదే నడుస్తాయి. రెండోది గైడ్. డిసర్టేషన్‌కి ఎవరు ఒప్పుకుంటారో అడ్మిషన్‌కి ముందే ఈమెయిల్ రాసి తేల్చుకోండి.

ప్రవేశానికి క్లాట్ పీజీ. 120 ప్రశ్నలు, 120 నిమిషాలు, తప్పు జవాబుకి పావు మార్కు కోత. శామీర్‌పేటలోని నల్సార్‌కీ, విశాఖ దగ్గరి దామోదరం సంజీవయ్య యూనివర్సిటీకీ ఇదే దారి. రాష్ట్ర యూనివర్సిటీలకు పీజీఎల్‌సెట్. డిప్లొమా మంచిదే గానీ అది ఎల్‌ఎల్‌ఎంకి బదులు కాదు. లా డిగ్రీ లేకుండా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఉన్నవాళ్లకు అది ఎక్కువ ఉపయోగం.

మెల్‌బోర్న్ మూర్తి
బయటి దేశాల సంగతి. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ ట్రెంట్, అమెరికాలో మార్కెట్ (Marquette) యూనివర్సిటీ (విదేశాల్లో లా చదివినవాళ్ల కోసం అక్కడ స్పోర్ట్స్ లా ఎల్‌ఎల్‌ఎం ఉంది), మాడ్రిడ్‌లో ఐఎస్‌డీఈ పేరున్నవి. ఫిఫా మాస్టర్ అనేది వేరు. లెస్టర్‌లో డి మాంట్‌ఫర్ట్, మిలాన్‌లో ఎస్‌డీఏ బొక్కోని, స్విట్జర్లాండ్‌లో న్యూషాటెల్ యూనివర్సిటీ కలిసి నడుపుతాయి. చరిత్ర, మేనేజ్‌మెంట్, చట్టం మూడూ ఉంటాయి. అది ఎల్‌ఎల్‌ఎం కాదు, వకీలుగా ఎదగాలనుకునేవాళ్లు ఆ తేడా తెలిసే చేరాలి.

బ్రిటన్‌లో మాస్టర్స్ 180 క్రెడిట్లు, అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌వి. మాడ్యూల్ జాబితా తెరిచి మూడు చూడండి. క్రీడా ఆర్బిట్రేషన్ విడి మాడ్యూల్‌గా ఉందా? యూరోపియన్ కాంపిటిషన్ లా చెప్తారా? స్విస్ చట్టం ఊసు ఎక్కడైనా ఉందా? మూడోది లేకపోతే మీరే చదువుకోవాలి, అది తప్పదు. ఇంకో హెచ్చరిక: విదేశీ ఎల్‌ఎల్‌ఎం వల్ల అక్కడ ప్రాక్టీసు హక్కు దానంతటది రాదు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ కావాలంటే ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష రాయాల్సిందే. చదువు తర్వాత ఉండే గ్రాడ్యుయేట్ రూట్ వీసా కూడా 2027 జనవరి 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకు రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గుతోంది. అప్పు చేసి వెళ్లేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

రూల్‌బుక్
కాలేజీ ఎక్కడైనా కానివ్వండి, చదవాల్సిన తీరు ఒక్కటే అని నా అభిప్రాయం. మనవాళ్లు చాలామంది స్పోర్ట్స్ లా అనగానే నీతి, న్యాయం, క్రీడాస్ఫూర్తి అని మొదలుపెడతారు. అక్కడ కేసులు గెలిచేదీ ఓడేదీ మూడు చోట్ల: ఈ వివాదం వినే అధికారం ఎవరికుంది, గడువు ఎప్పటితో అయిపోతుంది, నియమంలో ఉన్న అసలు మాట ఏమిటి.

వినేశ్ ఫోగట్ కేసు తీసుకోండి. పారిస్ 2024, 50 కిలోల విభాగం, రెండో రోజు బరువు తూస్తే 100 గ్రాములు ఎక్కువ. దేశమంతా బాధపడింది. కానీ క్యాస్ (స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉన్న క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు) తాత్కాలిక విభాగం ముందున్న ప్రశ్న ప్రపంచ రెజ్లింగ్ సమాఖ్య నియమాల్లోని 11వ ఆర్టికల్. రెండో తూకంలో నెగ్గకపోతే పోటీ నుంచి తొలగించి, ర్యాంకు లేకుండా చివర పెట్టాలి అని అందులో ఉంది. కొంచెం సడలించే అధికారం అందులో ఎవరికీ ఇవ్వలేదు. ఏకైక ఆర్బిట్రేటర్ అనాబెల్ బెన్నెట్ 2024 ఆగస్టు 14న దరఖాస్తు కొట్టేశారు. నియమం కఠినమైనదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని సడలించే అధికారం ఆర్బిట్రేటర్‌కి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ విడదీసి రాయడం వస్తే పీజీలో సగం పని అయినట్టే.

దానికి పక్కనే ద్యుతీ చంద్ కేసు పెట్టి చదవండి. ఒడిశా అమ్మాయి, హైదరాబాద్‌లో శిక్షణ పొందిన స్ప్రింటర్. కేసు సంఖ్య 2014/ఎ/3759. అక్కడ దాడి చేసింది మహిళా అథ్లెట్ల టెస్టోస్టెరాన్‌కి పరిమితి పెట్టిన నియమం మీదే. నియమం వివక్ష చూపుతోందని పైకి తేలింది కాబట్టి, అది అవసరమూ సమంజసమూ అని రుజువు చేసే భారం అప్పటి ఐఏఏఎఫ్ (అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య) మీద పడింది. టెస్టోస్టెరాన్ ఎక్కువుంటే ఎంత లాభం అన్నదానికి సరిపడా ఆధారం చూపలేకపోయింది. 2015 జులైలో ఆ నియమాలను రెండేళ్లు నిలిపేశారు. ఒక కేసులో నియమాన్ని వర్తింపజేసిన తీరు ప్రశ్న, ఇంకో కేసులో నియమం చెల్లుబాటే ప్రశ్న. తేడా అక్కడుంది.

కృష్ణాతీరం
చాలా థాంక్స్ అండీ. క్యాస్ తీర్పు తెరిస్తే వంద పేజీలు ఉంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ కేసు సంఖ్యలో అక్షరాలకు అర్థం ఏమిటి?

రూల్‌బుక్
ఏడాది, ఆ పక్కన అక్షరం, తర్వాత వరుస సంఖ్య. 'ఎ' అంటే అప్పీలు, అంటే ఒక సమాఖ్య ఇచ్చిన నిర్ణయం మీద వచ్చింది. 'ఓ' అంటే నేరుగా మొదటి మెట్టులోనే క్యాస్‌కి వచ్చినది. దక్షిణాఫ్రికా రన్నర్ సెమెన్యా కేసు 2018/ఓ/5794 అందుకే. 'ఏడీడీ' డోపింగ్ విభాగం, 'ఓజీ' ఒలింపిక్స్ సమయంలోనిది.

తీర్పులో ముందుగా వాదనల భాగం చదవకండి, అందులో మునిగిపోతారు. అధికార పరిధి, అప్పీలు అనుమతి, వర్తించే చట్టం అనే మూడు శీర్షికలు చదవండి. తర్వాత చివరి ఆదేశం. ఆ తర్వాతే మెరిట్స్, అంటే అసలు వివాదం మీద చర్చ. ఒక్కో తీర్పుకి ఒక్క పేజీ నోట్సు: ఏ క్లాజు వల్ల క్యాస్‌కి వచ్చింది, గడువు ఎంత, క్యాస్ కోడ్‌లోని ఆర్‌58 నియమం కింద ఏ చట్టం వర్తించింది, రుజువు భారం ఎవరిది, ప్రమాణం ఏమిటి, ఏం ఆదేశించారు. వారానికి రెండు తీర్పుల చొప్పున ఆరు నెలలు చదివితే యాభై నోట్సులు చేతిలో ఉంటాయి. క్యాస్ వెబ్‌సైటులో తీర్పుల డేటాబేస్ ఉచితం.

ఆర్‌58 చెప్పేది: ముందు సమాఖ్య నియమాలు, ఆ తర్వాత పార్టీలు ఎంచుకున్న చట్టం, అది లేకపోతే సమాఖ్య ఉన్న దేశపు చట్టం. ఫిఫా జూరిచ్‌లో ఉంది, రెజ్లింగ్ సమాఖ్య కూడా స్విట్జర్లాండ్‌లోనే. స్విస్ చట్టం ఎందుకు చదవాలంటే అందుకే.

గోదారి గోల్‌కీపర్
గడువుల సంగతి ఇంకాస్త విడమరిచి చెప్పండి అన్నా. జూనియర్లు ఎక్కువగా దెబ్బ తినేది అక్కడే.

రూల్‌బుక్
లెక్క వేసి చూపిస్తాను. సమాఖ్య నిర్ణయం 2026 మార్చి 3న, మంగళవారం, ఈమెయిల్లో అందిందనుకుందాం. సమాఖ్య నియమాల్లో వేరే గడువు లేకపోతే ఆర్‌49 కింద 21 రోజులు. అందిన మర్నాటి నుంచి లెక్క, అంటే మార్చి 4 ఒకటో రోజు. మధ్యలో వచ్చే సెలవులు, ఆదివారాలు లెక్కలోనే ఉంటాయి. ఆఖరి రోజు మార్చి 24. అప్పీలు నోటీసు ఆ రాత్రి పన్నెండు లోపు వెళ్లాలి. టైము మీ ప్రధాన న్యాయవాది ఉండే ఊరిది, లోజాన్‌ది కాదు.

అప్పీలు బ్రీఫ్‌కి (పూర్తి వాదనల పత్రానికి) ఆ గడువు ముగిసిన దగ్గర నుంచి పది రోజులు (ఆర్‌51). అంటే ఏప్రిల్ 3. ఆ రోజు గుడ్ ఫ్రైడే. పత్రం పంపే చోట ఆఖరి రోజు సెలవైతే తర్వాతి పనిదినానికి జరుగుతుందని ఆర్‌32 చెప్తుంది. సరే, మర్నాడు శనివారం హైదరాబాద్‌లో పనిదినమా కాదా? ఆ వాదన పెట్టుకునే అవసరం రాకూడదు. ఏప్రిల్ 2నే పంపేయాలి. బ్రీఫ్ ఆలస్యమైతే అప్పీలు వెనక్కి తీసుకున్నట్టే లెక్క.

ఇంకా జరిగే పొరపాట్లు. ఈమెయిల్ పంపేసి ఊరుకుంటారు. అది ముందస్తు ప్రతి మాత్రమే. తర్వాతి పనిదినం లోపు కొరియర్‌లో పంపాలి, లేదా క్యాస్ ఈ-ఫైలింగ్‌లో ఎక్కించాలి. వెయ్యి స్విస్ ఫ్రాంకుల ఫీజు కట్టరు. నిర్ణయం ప్రతి జతచేయరు. అన్నిటికంటే ఘోరం, ప్రతివాదిగా సరైనవాళ్లను చేర్చరు. ఆ నిర్ణయం వల్ల ప్రయోజనం పొందిన ఆటగాడినీ క్లబ్బునీ వదిలేసి ఒక్క సమాఖ్య మీదే వేస్తారు, లేదా క్రమశిక్షణ శిక్షను సవాలు చేస్తూ సమాఖ్యనే వదిలేస్తారు. 21 రోజులు దాటాక ఎవరినీ చేర్చలేరు, మెరిట్స్ దాకా వెళ్లకుండానే కేసు పోతుంది.

సాక్ష్యం కూడా అంతే. ఆర్‌57 కింద ప్యానెల్ కేసును మొదటి నుంచి విని నిర్ణయించవచ్చు కదా, అప్పుడు చూపిద్దాంలే అనుకుంటారు. కింద, సమాఖ్య విచారణలో ఉండగానే దొరికే సాక్ష్యాన్ని అక్కడ దాచి పైన తెస్తే, దాన్ని పక్కన పెట్టే అధికారం అదే ఆర్‌57 ప్యానెల్‌కి ఇచ్చింది.

క్యాస్ తర్వాత స్విస్ ఫెడరల్ ట్రిబ్యునల్, అంటే ఆ దేశపు సుప్రీంకోర్టు. 30 రోజులు. స్విస్ ప్రైవేటు అంతర్జాతీయ చట్టం 190వ ఆర్టికల్‌లో ఉన్న కొద్దిపాటి కారణాల మీదే. తీర్పు తప్పు అన్నది ఆ కారణాల్లో లేదు. ఆటగాడు చెల్లించలేని పరిహారం కట్టకపోతే ఫుట్‌బాల్ నుంచే నిషేధం అన్న మతుజలేం కేసు (4ఎ_558/2011) తీర్పును 2012లో పబ్లిక్ పాలసీ కింద రద్దు చేశారు. అలాంటివి చాలా అరుదు. 2021 నుంచి అక్కడ ఇంగ్లీషులో పత్రాలు వేయొచ్చు, మనవాళ్లకు అది మేలు.

నెల్లూరు స్ప్రింటర్
డోపింగ్ అన్నారు కాబట్టి ఆ భాగం నేను చెప్తాను. ప్రపంచ డోపింగ్ నిరోధక కోడ్ 2021, దాని జతగా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) నియమాలు, 2022 జాతీయ చట్టం, 2025లో దానికి వచ్చిన సవరణ. 2027 జనవరి 1 నుంచి కొత్త కోడ్ అమల్లోకి వస్తుంది. ఉల్లంఘన జరిగిన తేదీన ఉన్న నియమమే శిక్షకు వర్తిస్తుంది, కొత్తది తేలికైతే క్రీడాకారుడికి దాని మేలు దక్కుతుంది. మీరు చదివే ఏడాదిలో ఈ రెండు కోడ్‌ల మధ్య గొడవ తప్పకుండా నడుస్తుంది, ఇప్పుడే పక్కపక్కన పెట్టి చదవండి.

2021 కోడ్ మీద ఒక మామూలు కేసు ఎలా నడుస్తుందో చూడండి. శాంపిల్‌లో అనబాలిక్ స్టెరాయిడ్ దొరికింది. అది 'నిర్దిష్ట' జాబితాలో (ఆటలో లాభం కోసం కాక వేరే కారణంతో వాడి ఉండొచ్చని గుర్తించిన వాటిలో) లేని పదార్థం కాబట్టి తాత్కాలిక సస్పెన్షన్ వెంటనే పడుతుంది. నిషేధం మొదలయ్యేదే నాలుగేళ్ల నుంచి (కోడ్ ఆర్టికల్ 10.2.1). కావాలని తీసుకోలేదని క్రీడాకారుడే రుజువు చేసుకుంటే రెండేళ్లు. కలుషితమైన సప్లిమెంట్ వల్ల వచ్చిందనీ, తన వైపు పెద్ద నిర్లక్ష్యం లేదనీ చూపగలిగితే మందలింపు నుంచి రెండేళ్ల మధ్య ఎక్కడైనా. ఏజెన్సీ వైపు ప్రమాణం 'సంతృప్తికరమైన నమ్మకం', క్రీడాకారుడి వైపు దానికంటే తేలికైన 'సంభావ్యతల తూకం', అంటే కాకపోవడం కంటే అయ్యే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. ఈ రెంటినీ కలిపేసిన వ్యాసానికి మార్కులు రావు.

రుజువు అంటే మాటలు కాదు. అదే బ్యాచ్ నంబరుతో సీలు విప్పని డబ్బా, కొన్న బిల్లు, శాంపిల్ ఇచ్చిన రోజు ఫారంలో ఆ సప్లిమెంట్ పేరు రాసి ఉండటం, ల్యాబ్ పరీక్ష ఫలితం. విప్పిన డబ్బా పరీక్షిస్తే ఎవరైనా కలిపి ఉండొచ్చన్న ప్రశ్నకు జవాబుండదు. డబ్బా మీద లేబుల్ చదివాడా, కోచ్ ఇచ్చాడని గుడ్డిగా మింగాడా అన్నది నిర్లక్ష్యం కొలతలో ఎక్కువ బరువు తూగుతుంది.

ఇక 20 రోజుల గడువు. శిక్ష నాలుగేళ్లు లేదా ఎక్కువైతే, అభియోగం నోటీసు అందిన 20 రోజుల్లో ఒప్పుకుని శిక్ష అంగీకరిస్తే ఏడాది తగ్గుతుంది (10.8.1). కానీ ఆ మేలు తీసుకుంటే మరే ఆర్టికల్ కిందా తగ్గింపు అడగలేరు. అంటే ఇరవై రోజుల్లోనే తేల్చుకోవాలి: మూడేళ్లు ఖాయం చేసుకోవడమా, కలుషిత సప్లిమెంట్ వాదనతో రెండేళ్ల లోపుకి ప్రయత్నించడమా. జిల్లా స్థాయి పిల్లలకు ఇది చెప్పే మనిషి లేక ఆ ఇరవై రోజులు ఊరికే పోతున్నాయి. ఈ విద్య చదివినవాళ్లు చేయాల్సిన పని అక్కడ చాలా ఉంది.

మన దగ్గర మెట్లు: డోపింగ్ నిరోధక క్రమశిక్షణ ప్యానెల్, తర్వాత అప్పీలు ప్యానెల్. అంతర్జాతీయ స్థాయి క్రీడాకారులైతే అప్పీలు నేరుగా క్యాస్‌కి.

ఫుట్‌నోట్
డిసర్టేషన్‌కి డోపింగ్ వద్దని నా సలహా, నెల్లూరు గారితో కాస్త విభేదిస్తున్నాను. 'భారతదేశంలో డోపింగ్ చట్టం' అనే పేరుతో ప్రతి కాలేజీలో ఒకటి ఉంటుంది, అన్నీ కోడ్‌ను తిరగరాసినవే. అంతకంటే తాజా నేల జాతీయ క్రీడా పాలన చట్టం 2025. జాతీయ క్రీడా సమాఖ్యల కార్యవర్గంలో 15 మంది మించకూడదు, వాళ్లలో కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు విశిష్ట క్రీడాకారులు. జాతీయ క్రీడా బోర్డు, జాతీయ క్రీడా ట్రిబ్యునల్, ఎన్నికల ప్యానెల్ వస్తాయి. ట్రిబ్యునల్ మీద అప్పీలు సుప్రీంకోర్టుకి, 30 రోజుల్లో. అంతర్జాతీయ నియమాలు క్యాస్‌కి వెళ్లమంటే మాత్రం అటు. ఆ సరిహద్దు గీత ఎక్కడ పడుతుందన్న ఒక్క ప్రశ్న మీద మంచి డిసర్టేషన్ రాయొచ్చు. ఏ సెక్షన్ ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందో గెజిట్ చూసి రాయండి, వార్తా కథనాల్ని నమ్మకండి.

నెల్లూరు స్ప్రింటర్
ఫుట్‌నోట్ గారూ, డోపింగ్ వద్దనడం ఒప్పుకోను. కోడ్ తిరగరాస్తే అది డిసర్టేషన్ కాదు, నిజమే. 'పెద్ద నిర్లక్ష్యం లేదు' అన్న వాదన మీద మన ప్యానెళ్లు ఏ కారణాలు చూపి ఎన్ని నెలలు తగ్గించాయి అని ఒక్కో నిర్ణయం పట్టిక వేసి చూసేది రాస్తే? అది నేరుగా క్రీడాకారులకు పనికొస్తుంది.

ఫుట్‌నోట్
అలాగైతే సరే, అది పరిశోధనే. అప్పుడు పద్ధతి అధ్యాయం గట్టిగా ఉండాలి. ఏ డేటాబేస్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ మాటలతో వెతికారు, ఏవి ఎందుకు వదిలేశారు. పట్టికలో నిలువు వరుసలు: పదార్థం, క్రీడాకారుడి వయసు, స్థాయి, చూపిన మూలం, ల్యాబ్ నివేదిక ఉందా, ఫారంలో రాశారా, మొదలైన శిక్ష, చివరి శిక్ష, కారణం ఉన్న పేరా సంఖ్య. క్యాస్ తీర్పులు చేర్చితే ఒక పరిమితి రాసి తీరాలి: అప్పీలు తీర్పులు గోప్యంగా ఉంచాలని పార్టీలు ఒప్పందం చేసుకోకపోతేనే బయటికొస్తాయి, మామూలు విభాగంలోవి సాధారణంగా గోప్యం. దొరికినవాటిని చూసి 'క్యాస్ ఎప్పుడూ ఇలాగే చేస్తుంది' అని రాయకూడదు.

వరంగల్ వకీలు
భారతీయ కేసుల్లో తప్పనిసరి వరుస ఇది. 1995 క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు, ప్రసార తరంగాలు ప్రజల సొత్తని తేల్చింది. జీ టెలీఫిల్మ్స్ 2005: బీసీసీఐ రాజ్యాంగం 12వ అధికరణ కింద 'రాజ్యం' కాదని 3:2 మెజారిటీ. అయినా 226వ అధికరణ కింద హైకోర్టుకి వెళ్లే దారి మూసుకుపోలేదు. 2015, 2016 బిహార్ క్రికెట్ అసోసియేషన్ తీర్పులు, బీసీసీఐ పాలన మీద జస్టిస్ లోధా కమిటీ సూచించిన సంస్కరణలు. ఈ నాలుగూ వరుసగా చదివితే ప్రైవేటు సంఘం మీద కోర్టు చెయ్యి ఎంతదాకా వెళ్తుందో అర్థమవుతుంది.

మన రాష్ట్రాల నుంచి కూడా గట్టి సామగ్రి ఉంది. అజహరుద్దీన్ మీద బీసీసీఐ జీవితకాల నిషేధం 2000లో పడితే, అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో తేల్చింది. హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్ వ్యవహారాలు చక్కదిద్దడానికి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును నియమించింది. రమ్మీ నైపుణ్యపు ఆట అన్న 1968 తీర్పు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే వచ్చింది, 'ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ'. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడేవాటికి నైపుణ్యమా అదృష్టమా అన్న తేడానే తీసేసింది. కాబట్టి ఆ పాత తీర్పు ఇప్పుడు ఎంతవరకు నిలుస్తుందన్నదీ చదవదగ్గ ప్రశ్నే.

గోదారి గోల్‌కీపర్
కోర్టు చెయ్యి అన్నారు కాబట్టి ఒక్కటి గుర్తుంచుకోవాలి. 2022 ఆగస్టులో ఫిఫా ఏఐఎఫ్ఎఫ్‌ను (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యను) బయటివాళ్ల జోక్యం పేరుతో సస్పెండ్ చేసింది, కోర్టు వేసిన పాలకుల కమిటీ తప్పుకున్నాక అదే నెలలో ఎత్తేసింది. భారత కోర్టు ఆదేశం చట్టబద్ధమే, ఫిఫా చర్యా దాని నియమాల ప్రకారమే. రెండూ ఒకేసారి నిజం కావడం ఈ రంగంలో మామూలు.

ఫుట్‌బాల్ కాంట్రాక్టుల గురించి క్లుప్తంగా: ఫిఫా బదిలీ నియమాల్లో 13 నుంచి 18 దాకా ఆర్టికల్స్ కంఠతా రావాలి. 14బిస్ ముఖ్యం. రెండు నెలల జీతం బాకీ పడితే, రాతపూర్వకంగా నోటీసిచ్చి కనీసం 15 రోజులు ఆగి, అప్పుడు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చు. ఆ నోటీసు లేకుండా ఆటగాడు వెళ్లిపోతే కేసు తిరగబడే ప్రమాదం ఉంది. ఫిఫా ట్రిబ్యునల్‌కి రెండేళ్ల లోపు వెళ్లాలి, వివాదానికి అంతర్జాతీయ కోణం ఉండాలి. భారతీయ ఆటగాడు, భారతీయ క్లబ్బు అయితే అక్కడికి వెళ్లదు. సరైన కారణం లేకుండా కాంట్రాక్టు తెంచితే ఏమవుతుందో చెప్పే 17వ ఆర్టికల్ చదివేటప్పుడు పాత పుస్తకం వాడకండి. 2024 అక్టోబరు 4న ఫుట్‌బాల్ ఆటగాడు దియారా కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అది మారింది.

కృష్ణాతీరం
అందరికీ ఎంతో రుణపడి ఉంటాను. క్లాట్ పీజీ రాసి ఇక్కడే చేస్తాను, అప్పీలు ప్యానెల్ నిర్ణయాల పట్టిక మీదే డిసర్టేషన్. చివరగా ఒకటి: క్యాస్ ముందు వాదించాలంటే స్విస్ బార్‌లో ఉండాలా?

రూల్‌బుక్
అక్కర్లేదు. ఆర్‌30 కింద పార్టీ తనకు నచ్చినవారిని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. విచారణ భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్. పై మెట్టులో, స్విస్ ఫెడరల్ ట్రిబ్యునల్‌కి వెళ్తే అక్కడి న్యాయవాదిని పెట్టుకోండి. పట్టిక మొదలుపెట్టేటప్పుడు మొదటి పది నిర్ణయాలు నింపాక ఇక్కడ పెట్టండి. వరుసలు మార్చాల్సి వస్తే వంద నింపాక కంటే పది దగ్గరే మార్చుకోవడం తేలిక.